ఎనిమిదడుగుల జాగా

గోడకీ బోరు పైపుకీ నడుమ
టేపు పట్టి రెండుసార్లు కొలిచాను.
మొదటిసారి ఎనిమిదడుగులు.
రెండోసారి నాలుగంగుళాలు తక్కువ.
తక్కువ లెక్కే చీటీ మీద రాసి
డ్యూటీ సంచిలో థర్మామీటరు పక్కన పెట్టుకున్నాను.

ఇదివరకు ఇక్కడ సింహాచలం సంపెంగ ఉండేది.
రెండంతస్తులు దాటి ఎదిగింది.
పువ్వులన్నీ పైవాళ్ళకీ కాకులకీ,
మాకు వాసన మాత్రం.
హుద్‌హుద్ నాటి మధ్యాహ్నం అది
సత్యవాణి గారి వంటింటి రేకుల మీద పడుకుంది.
ఎవరికీ ఏమీ కాలేదు.
అయినా ఆవిడ ఇప్పటికీ
గాలి కాస్త విసిరితే చాలు
మా పెరట్లోకి చూస్తారు,
ఖాళీ జాగాలో ఏదో ఊగుతున్నట్టు.

అందుకే, ఎండాడ దాటాక ఉన్న నర్సరీలో
"ఎదగని చెట్టు కావాలి" అన్నాను.
అనేశాక సిగ్గేసింది.
ముప్పయ్యేళ్ళుగా పిల్లల వార్డులో
కాటా ముల్లు ఇంకొక్క గీత జరగాలని
ఊపిరి బిగబట్టి చూసినదాన్ని,
ఇవాళ మొక్క ముందు నిలబడి
ఎంతకి ఆగిపోతావు అని అడుగుతున్నాను.

గౌరినాయుడు నవ్వలేదు.
"ఎదగనిదేదీ నా దగ్గిర నేదమ్మా.
నిదానంగా ఎదిగేది ఉంది."

హిమచంపకం.
పేరులో మంచు, కుండీలో ఎర్రమట్టి, నెత్తిన మే నెల.
పెద్ద రకం బంగళాలకే బాగుంటాదని
పొట్టివి మూడు తెచ్చి వరసన నిలబెట్టాడు.
ఒకటి ఆ పొద్దుటే పూసింది,
పాలగిన్నెంత పువ్వు.
చెయ్యి దానంతటదే వెళ్ళబోయింది.
"పువ్వు చూసి కొనీకండమ్మా,
రేపటికి బెల్లం రంగుకొచ్చేస్తాది.
ఆకు తిరగేసి చూడండి."

తిరగేశాను.
పైన నూనె రాసిన జడ మెరుపు.
అడుగున తుప్పురంగు నూగు,
నెలలు నిండకుండా పుట్టిన పిల్లల భుజాల మీద ఉంటుందే, అలాంటిది.
అది కొన్నాళ్ళకి రాలిపోతుంది.
ఇది ఉంటుందట,
ఉప్పుగాలికి కాస్త అడ్డమట.
నమ్మానో లేదో చెప్పలేను,
బొటనవేలు మాత్రం అక్కడే ఉండిపోయింది కాసేపు.

అంటు కట్టిన చోటు చూపించాడు.
మానిన కుట్టు. కుట్లు నాకు తెలుసు,
మంచి చెయ్యే వేసింది.
కుండీలోంచి మట్టిగడ్డతో లాగి వేళ్ళూ చూపించాడు.
పూసినదాని వేళ్ళు గుండ్రంగా తిరిగి తిరిగి
తమని తామే చుట్టేసుకున్నాయి.
రెండోదానికి చిగురే లేదు.
మూడోది నా మోచేతి ఎత్తు, కాస్త వంకర,
ఒక కొమ్మ ఎడమకి బయల్దేరి
సగం దారిలో ఆలోచనలో పడింది.
దాన్నే తీసుకున్నాను.

"ఏడాదంతా పచ్చగా ఉంటుందా?"
"ఉంటాది. అలాగని ఆకు రాల్చదనుకునేరు.
రోజూ ఒకటీ అరా రాలుస్తానే ఉంటాది.
చీపురు దగ్గిరే పెట్టుకోండి."

ఆటోలో మోకాళ్ళ మధ్య పెట్టుకు కూచున్నాను.
హనుమంతవాక దగ్గర గాలి ఎదురొచ్చింది.
ఆకులన్నీ కొంగు కిందికి దూరాయి.
నేను తెచ్చేది కంచరపాలేనికి,
డాబాల మీద బొగ్గు మసి
అడగకుండా వాలే చోటికి.
వారానికోసారి తడిగుడ్డ పెట్టి
ఒక్కో ఆకూ తుడవాలి, జ్వరం ఒళ్ళు తుడిచినట్టు.
అదొక్కటీ ఎవరూ నేర్పక్కర్లేదు నాకు.

గుంత తవ్వుతుంటే
సత్యవాణి గారు గోడ మీంచి చూశారు.
"ఎంత ఎదుగుతుంది?"
గౌరినాయుడు చెప్పిన ఎత్తు కూడా
చీటీ మీదే రాసుకున్నాను.
తీసి చూస్తే చెమటకి
అంకెలన్నీ అలుక్కుపోయాయి.
"గోడ మాత్రం దాటనివ్వను" అన్నాను.
ఆవిడ ఏమీ అనలేదు, లోపలికి వెళ్ళిపోయారు.
నేను మట్టి నొక్కుతూనే ఉన్నాను.

కాసేపటికి
చేపలు కడిగిన నీళ్ళు చెంబుతో తెచ్చి
గోడ మీంచి అందించారు,
"మొదట్లో పొయ్యకు, కాస్త ఎడంగా" అంటూ.